తల దొరకని రాయి

అల్లం కేకు ముక్క నెల్ నోటికి అందేలోపే హెస్టర్ దాన్ని బూటుతో ఎగరతన్నింది.

నెల్ ఆమె గొర్రెల్ని కాసే కుక్క. పోయిన వసంతంలో ఇదే కొండ మీద ఎవరో విషం పెట్టిన మాంసం తిని దాని తల్లి చచ్చిపోయింది. అప్పటినుంచి నేల మీద తిండి కనిపిస్తే చాలు, హెస్టర్‌కు ఒళ్ళు మండుతుంది.

కేకు పెట్టిన మనిషి పొగమంచులో కాస్త అవతలే నిలబడి ఉన్నాడు. అరవై దాటినవాడు. మంచి కోటు, పట్నం బూట్లు, మోకాళ్ళ దాకా బురద. మిగతా సగం కేకు ఆయన చేతిలోనే ఉంది.

“ఏం కలిపారు దాంట్లో?”

“ఏమీ లేదమ్మా. వట్టి కేకే. మీ ఊరి కొట్లోనే కొన్నాను.”

“తినడానికి నోరుండగా నేల మీద పెట్టడమెందుకు?”

ఆయన సిగ్గుపడ్డాడు. చెబితే నవ్వుతారన్నాడు. తనకిప్పుడు నవ్వే తీరిక లేదంది హెస్టర్.

“ఇక్కడెక్కడో ఒక రాయి ఉండాలి. మంచు విడిస్తే గానీ చోటు పోల్చుకోలేను. అంతదాకా ఉండనివ్వండి.”

రాయి అన్న మాట వినగానే హెస్టర్ కేకు సంగతి మరిచిపోయింది.

రేపు పొద్దున పట్నంలో విచారణ. వాగు అవతలున్న ఈ కొండ తనదేనని పక్క ఎస్టేటు యజమాని కేసు వేశాడు. గెలిస్తే కంచె వేస్తాడు. హెస్టర్ గొర్రెలు ఈ కొండ మీదే పుట్టి, తల్లుల వెంట తిరిగి దీన్ని నేర్చుకున్నవి. ఇంకోచోట నిలవవు. కంచె పడిందంటే మందను అమ్ముకుని ఆమె ఏ పట్నంలోనో కూలికి పోవాల్సిందే.

వాళ్ళ ఊరు స్కెల్‌గార్త్ పొలిమేరకు కాగితాల్లేవు, రాళ్ళే ఉన్నాయి. వెనకటి రోజుల్లో మే నెలలో ఊరంతా కలిసి పొలిమేర చుట్టూ నడిచేది. ఒక్కో రాయి దగ్గర ఒక పిల్లవాణ్ణి తలకిందులుగా పట్టుకుని, నెత్తిని రాయికి టక్కున తగిలించేవారు. నెత్తికి తగిలినది ముసలితనం దాకా మరిచిపోరని పెద్దల నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల తర్వాత ఆ ముచ్చట ఆగిపోయింది. హెస్టర్ దాన్ని చూసి ఎరగదు.

చివరి రాయిని ఊబి మింగేసింది. రాయినైనా చూపించండి, దాని దెబ్బ తిన్న మనిషినైనా తీసుకురండి అన్నాడు ఊరి తరఫు లాయరు. మిగతా రాళ్ళన్నిటికీ తలలు దొరికాయి. ముసలివాళ్ళు ఒక్కొక్కరే నెత్తి తడుముకుంటూ సాక్ష్యానికి సిద్ధమయ్యారు. చివరి రాయి సంగతి అడిగితే మాత్రం, మన పిల్లల్లో ఎవరూ కాదనేశారు.

ఇప్పుడీ పట్నం బూట్లవాడు ఆ రాయినే వెతుకుతున్నాడు. ఎస్టేటు మనిషి కాక ఇంకెవరు? దొరికితే రేపటిలోగా పెకలించి మాయం చేయడానికి కాకపోతే ఇక్కడేం పని?

“నడవండి. మధ్యాహ్నం బస్సుంది.”

“మంచు విడిచేదాకా...”

“నడవమన్నానా.”

ఆయన కొండ దిగాడు, వెనకే హెస్టర్. నెల్ మాత్రం సిగ్గు లేకుండా ఆయన చెయ్యి నాకుతూ పక్కనే నడిచింది.

బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆయన ఆగాడు. “వాగు పక్క ఇంట్లో డోర్కస్ గారని ఉండేవారు. బాగున్నారా?”

డోర్కస్ హెస్టర్ మేనత్త. మంచం పట్టినా మాట తడబడని మనిషి. ఆ ముసలిదాని నోటివెంట ఏదో ఒకటి అనిపించి, దాన్ని రేపు విచారణలో వాడుకోవాలని వీళ్ళ ఎత్తు కాబోలు.

“ఆవిడ పోయి చాలా కాలమైంది” అంది.

ఆయన టోపీ తీశాడు. లోపలికెళ్ళి కూర్చున్నాడు. బస్సు కదిలింది. ఆమె ఆయన పేరైనా అడగలేదు.

తిన్నగా మేనత్త దగ్గరికి పోయి, ఎస్టేటు మనిషిని ఎలా తరిమిందీ చెప్పుకుంది.

“ఇప్పటికైనా గుర్తు తెచ్చుకో అత్తా. చివరిసారి ఆ రాయికి మన పిల్లల్లో ఎవరి తల తగిలించారు?”

“ఎన్నిసార్లడిగినా అదే మాట. మన పిల్లలెవరూ కాదు. ఆ ఏడు వానలకు ఊబి పొంగి ఉంది. ఏ తల్లీ కొడుకుని పంపలేదు.”

“మరి ఎవర్ని తీసుకెళ్ళారు?”

“మా ఇంట్లో ఉండేవాడు, న్యూకాజిల్ పట్నం పిల్లాడు. యుద్ధంలో బాంబులకు భయపడి పట్నం పిల్లల్ని రైలెక్కించి పల్లెలకు పంపారు చూడు, వాళ్ళలో ఒకడు. అడ్డం పడటానికి వాడికి ఇక్కడ తల్లి లేదు కదా.”

“ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“మన పిల్లల్లో ఎవరనే కదే మీరంతా అడిగింది.”

హెస్టర్ కిటికీ దగ్గరికి పోయింది. కొండ మీద మంచు విడిపోతోంది. రోడ్డు మీద బస్సు లేదు.

ముసలామె తన ధోరణిలో నవ్వుకుంటూ చెబుతూనే ఉంది.

“అంత దెబ్బ తగిలినా ఏడవలేదే వాడు. ఓదార్పుగా నేను అల్లం కేకు చేతిలో పెడితే, పాపం రాయికి కూడా తగిలింది కదా అని సగం విరిచి దాని మీద పెట్టొచ్చాడు.”