వారానికి ఒక్క ట్యాంకర్

కుందుర్పి దగ్గరి పల్లె నుంచి ఓబమ్మ చేసిన ఫోనుతో సుష్మ పొద్దున టిఫిన్ సగంలోనే వదిలేసి లేచింది.

“నెలైంది ట్యాంకరొచ్చి. అన్నీ యాడికి పోతాండాయి? మీ యాప్‌కు కండ్లు లేవా పాపా?”

తాగునీటి ట్యాంకర్లు పంపే ఒక ట్రస్టు కోసం ఆ యాప్ రాసింది సుష్మే, అనంతపురంలోని చిన్న ఆఫీసులో కూర్చుని. ఇంటికి వారానికి ఒక్క ట్యాంకరే అని డేటాబేస్‌లో కట్టడి కూడా పెట్టింది. కన్‌స్ట్రెయింట్ అంటారు దాన్ని. దాని కన్నుగప్పి నీళ్లు ఎవరు తాగుతున్నట్టు?

ఆమెకు కోపమొచ్చింది. నీళ్ల బాధ ఆమెకు తెలియనిది కాదు. ఆ పక్క ఊళ్లోనే నాయన ఆదెన్నకు మూడెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. ఏడు బోర్లు ఎండిపోయాయి. “ఈసారి బోరులో నీళ్లు పడినాయి పాపా” అని మూణ్ణెల్ల కిందట నాయన చెప్పినప్పుడు సుష్మ ఏడ్చేసింది. చుట్టూ తోటలన్నీ మాడిపోయినా నాయన చెట్లు పచ్చగా ఉన్నాయి. ఇంకో నెల తట్టుకుంటే కాపు చేతికొస్తుంది. ఆ తోట పోతే నాయన మనిషిగా మిగలడు.

మధ్యాహ్నానికి తప్పు దొరికింది. ట్యాంకర్ల కట్టడికి ఆమె పెట్టిన పేరు ‘వీక్లీ_వన్’. సిబ్బంది సెలవుల టేబుల్లో అదే పేరుతో కట్టడి ముందే ఉంది. ‘ఈ పేరు ఉంటే మళ్లీ పెట్టొద్దు’ అని స్క్రిప్టులో రాసి ఉండటంతో, అది కిక్కురుమనకుండా దాటేసింది. ట్యాంకర్లకు అసలు కట్టడే లేదు!

సుష్మ తల బాదుకుంది. టేబుల్ పేరు ముందు చేర్చి ‘ట్యాంకర్_వీక్లీ_వన్’ అని మార్చింది. కొత్త బుకింగులన్నిటికీ అప్పటికప్పుడే అమల్లో పెట్టింది.

“ఎవురెవురు మింగినారో లిస్టు తీద్దామా?” అన్నాడు టీమ్ లీడర్ రాఘవేంద్ర.

“వద్దన్నా. తెలిసినోళ్లుంటే మళ్లా మొగమాటం.”

మర్నాడు ఓబమ్మ ఫోను. “నీళ్లొచ్చినాయి పాపా. నీ కడుపు సల్లగుండ!”

సుష్మ గర్వంగా నవ్వుకుంటుండగానే నాయన ఫోను వచ్చింది.

“పాపా, మీ యాప్‌లో దినామూ నాలుగు ట్యాంకర్లు వస్తాండె, ఈ పొద్దు వారానికి ఒకటే అంటాండాది, తోట ఎండిపోతాది తల్లీ, ఎవురు మార్చినారో రవ్వంత కనుక్కో!”