కాలవ రంగు

పెడనలో మార్కండేయులు కలంకారీ షెడ్డు ముందు, బందరు కాలేజీ లెక్చరర్ సుచిత్ర ఎర్రటి మురుగునీళ్ల సీసాలో చిటికెడు నల్లపొడి వేసి కుదిపింది. కాసేపటికి ఎరుపంతా అడుక్కి దిగి, నీళ్లు తేటపడ్డాయి.

“జామాకు రసంతో చేసిన ఇనుప నానో రేణువులండీ. రంగును పట్టేస్తాయి. నీళ్లు కాలవలోకి వదిలేముందు వేస్తే చాలు.”

“బాగుంది. మాకొద్దమ్మా,” అన్నాడు మార్కండేయులు.

“ఎందుకండీ?”

అతను షెడ్డు పక్కన పారుతున్న కాలవ చూపించాడు. అది నీలంగా ఉంది.

“ఎగువన రాజకుమార్ షెడ్డు. ఈ వారం నీలం అద్దుతున్నాడు. అది చూసే, పోటీ పడకుండా మేం ఎరుపు మొదలెట్టాం. అందరూ మీ పొడి వేసేస్తే, ఎవరేం అద్దుతున్నారో మాకెలా తెలుస్తుంది?”

సుచిత్ర వంగి కాలవలోకి చూసింది.

లోపల గుడ్డమీద అచ్చు వేస్తున్న అతని భార్య కనకదుర్గ తలెత్తకుండానే అంది. “ఈ వారం మీది ఎరుపా అని మా వదిన పొద్దున ఫోన్లో అడిగిందండీ.”

మార్కండేయులు ఉలిక్కిపడ్డాడు. “దిగువూళ్లో ఉండే మీ వదినా? వాళ్లకి షెడ్డు లేదుగా. ఎలా తెలిసింది?”

“బిందె ముంచితే తెలిసింది,” అని కనకదుర్గ ఇంకో అచ్చు వేసింది.