గేటు పడింది

"మీ కాలమ్ ఆపేద్దామనుకుంటున్నామండీ," అన్నాడు ఈమధ్యే వచ్చిన సంపాదకుడు, మొహం చూడకుండా. "రాజకీయాలు ఎవరూ చదవట్లేదు. ఆదివారం సంచికకి ఒక కథ ఇవ్వకూడదూ?"

వ్యాఖ్యాత మనసు చివుక్కుమంది. పన్నెండేళ్లుగా నాలుగో పేజీ ఆయనదే. అంకె లేనిదే వాక్యం కదలదని ఆఫీసులో అందరూ లెక్కల మాస్టారు అనేవారు.

మూడేళ్లుగా మాత్రం ఆయన పట్టిన పట్టు ఒక్కటే. ఊరి చివర రోడ్డు రైలు పట్టాలను దాటే చోట గేటు లేదు, కాపలా లేదు. పట్టాలు వాళ్లవని ఒకరూ, రోడ్డు వాళ్లదని ఒకరూ, రెండు శాఖలు ఫైలును అటూ ఇటూ తోసుకుంటున్నాయి. ఏ మంత్రి ఎప్పుడు మాటిచ్చాడో, అక్కడ ఎంతమంది పోయారో, తేదీలతో సహా తొమ్మిది వ్యాసాలు రాశాడు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంటికొచ్చి భార్యతో చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతూ వింది.

"అన్నీ లెక్కలే రాస్తారు. అందులో ఒక్క మనిషైనా కనబడతాడా?"

"వ్యాసంలోకి ఏడుపు తేకూడదు."

"కథలోకి తేవచ్చుగా."

మర్నాడు పొద్దున్నే కూర్చున్నాడు. మధ్యాహ్నానికల్లా కథ పూర్తయింది, ఒక్క కొట్టివేత లేకుండా. ఎనిమిదేళ్ల పాప. బడి గంట వినబడి పరుగెత్తుతుంది. పట్టాల మధ్య చెప్పు ఊడిపోతే, దాని కోసం వెనక్కి తిరుగుతుంది. అంతే కథ.

భార్య రెండుసార్లు చదివింది. ఒక్క దిద్దుబాటు చెప్పింది.

"రెండు జడలని రాశారు. బడికి ఆలస్యమైన రోజు ఏ తల్లికీ అంత తీరిక ఉండదు. ఒకటే జడ."

ఆయన అలాగే దిద్దాడు.

కథ అచ్చయిన వారం ఉత్తరాలు సంచుల్లో వచ్చాయి. బస్సు డ్రైవర్లు రాశారు, టీచర్లు రాశారు. ఆ పట్టాలు దాటి వెళ్లే బడి పిల్లలు రోడ్డు మీద బైఠాయించారు.

"ఇంత ఊహాశక్తి ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు సంపాదకుడు. వ్యాఖ్యాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

నాలుగు నెలల్లో గేటు వచ్చింది. ప్రారంభానికి మంత్రి వచ్చాడు. వ్యాఖ్యాతను వేదిక మీద పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

"కథ కాబట్టి సరిపోయింది," అన్నాడు మైకులో. "నిజంగా అలాంటి పసిపాప పోయుంటే, మేం చూస్తూ ఊరుకునేవాళ్లమా?"

చప్పట్లు మోగాయి. వ్యాఖ్యాత తల దించుకుని కూర్చున్నాడు.

భార్య వేదిక ఎక్కలేదు. జనంలో, గేటు పక్కన నిలబడింది. దూరంగా రైలు కూత వినబడింది. గంట కొట్టుకుంటూ మొదటిసారి గేటు పడింది. ఆమె అరచేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు.

పక్కనున్న పెద్దావిడ ఆమె వీపు నిమిరింది.

"నేనూ చదివి ఏడ్చానులే తల్లీ. ఎంతైనా కథే కదా, ఊరుకో. నీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే పెద్దమ్మా, మీరు చదివింది దాని గురించే."