పడవ తాత మాట

‘ఇక్కడ ఆట నడిపేది మనిషే’ అన్న బోర్డు మీదే సింహాచలం ఉద్యోగం నిలిచి ఉంది. ఊళ్లో మిగతా ఆటలన్నీ మరమనుషులే నడుపుతున్నాయి.

అతను పాత్రల గొంతులతో కథ చెబుతుంటే పాచికలు వేస్తూ ఆడే ఈ ఆటలో, పడవ నడిపే తాత వేషంలో ఉన్న రాక్షసుణ్ణి ఆటగాళ్లు పసిగట్టాలి. అందుకని సింహాచలం తాత గొంతుతో చిన్న ఆనవాలు వదిలాడు. "మీ మనుషులకి దాహం ఎక్కువ బాబూ."

నలుగురు ఆటగాళ్లూ పాచికలు వదిలేసి అతని వైపే అనుమానంగా చూశారు.

"మీ మనుషులేటి? మరి నువ్వేటి?" అన్నాడు వాళ్లలో ఒకడైన గవరయ్య.

"అది తాత మాట బాబూ. నేను మనిషినే." సింహాచలం వేలు కొరుక్కుని నెత్తురు చూపించాడు.

"ఇప్పుడా మరమనుషులకీ కారతందిలే." గవరయ్య ఫిర్యాదు మీట నొక్కేశాడు.

ఇన్నేళ్లూ రాక్షసుల్ని మనుషులుగా నమ్మించినవాడు, ఆ ఒక్క ఫిర్యాదుతో ఉద్యోగం పోయిందని తెలిసి బావురుమన్నాడు.

"పాపం, ఏడుస్తంది సూడు," అన్నాడు గవరయ్య పక్కవాడితో.