అరువు చూపు

మల్టిపుల్ స్క్లెరోసిస్ నా దగ్గర ముందు ఎరుపు రంగును తీసుకుంది, తర్వాత మొత్తం చూపునే తీసుకుంది. ఇప్పుడు మా వీధిలో ఇంకో ముగ్గురిలాగే నేనూ అరువు చూపుతో గడుపుతున్నాను. మా తోడికోడలు కుముద పెట్టుకున్న కెమెరా బొట్టుబిళ్ల ఎదుట ఏముంటే అది నా తలపట్టీ ద్వారా నాకు కనిపిస్తుంది.

మా అమ్మాయి మేదినికి జడ వేసేది మాత్రం నేనే. జడకు నా వేళ్లు చాలు. దాని మొహం చూడాలని కుముదను ఎదురుగా కూర్చోబెడతాను.

"పిన్నీ, నిన్న బస్సులో ఏమైందో తెలుసా?" అని మేదిని నవ్వుతుంది. ఆ నవ్వు నాకు పూర్తిగా కనిపిస్తుంది. కానీ అది కుముదను చూసి నవ్విన నవ్వు.

నిన్న ఆ బస్సు సంగతి వింటూ ఉండబట్టలేక, ఆ బిళ్ల మేదినిని పెట్టుకోమన్నాను.

"నేను సరిగ్గా చూడట్లేదా అక్కా?" అంది కుముద.

"బాగానే చూస్తున్నావులే. నీకూ కాస్త విశ్రాంతి."

మేదిని బిళ్ల అంటించుకుని నా వైపు తిరిగింది. బిగించిన పెదవులతో, పక్కకు జరిగిన బొట్టుతో నా మొహమే నాకు కనిపించింది.

"అమ్మా, నిన్ను చూసి నవ్వుతున్నాను. కనిపిస్తోందా?"

కనిపించలేదు.

"బిళ్ల పిన్నికి ఇచ్చెయ్యవే" అన్నాను. దువ్వెన అందుకుని, "కుముదా, ఎదురుగా వచ్చి కూర్చో. ఆ బస్సు సంగతి దాని చేత మళ్లీ చెప్పించు" అన్నాను.