మూడు పూతల పెనం

"మళ్ళీ పట్టింది నాయనా, తుప్పు!" పెద్దావిడ సంచిలోంచి పోత ఇనుము పెనాన్ని తీసి బల్ల మీద పెట్టింది.

పాత ఇనప వంటసామాను బాగుచేసే కొట్టు అది. కొట్టతను పాత పెనమంటే చెవి కోసుకునే మనిషి. ఆమె వీధి మలుపు తిరగడం చూసే రెండో పీట తుడిచాడు, రెండు గ్లాసుల్లో టీ పోశాడు.

"ఆర్నెల్లలో నాలుగోసారి! ఏం చేస్తున్నారమ్మా దీన్ని?"

"నువ్వు చెప్పినట్టే. కడగ్గానే తుడిచి, సెగ చూపించి, అప్పుడే లోపల పెడుతున్నా. ఒట్టు."

"మరి తుప్పు ఆకాశం నుంచి ఊడిపడిందా?" నవ్వుతూ పై అరలోని డబ్బా చూపించాడు. "మీ పెనం కోసమే తెప్పించిన అవిసె నూనె. పోయినసారీ తుప్పు పట్టకుండా దీన్నే మూడు పూతలు పూసి, కాల్చి ఇచ్చానా? ముందు టీ తాగండి."

ఆమె కళ్ళకు ఏనాడో పొరలు కమ్మాయి. డబ్బా పసుపుపచ్చటి మచ్చలా కనిపించింది. పెనానిది పూత నలుపో, వట్టి ఇనుము బూడిదరంగో ఆమెకు తెలియదు, గరుకు మాత్రం వేళ్ళకు తెలుస్తుంది.

అతను వేలి కణుపుతో పెనాన్ని కొట్టాడు. ఖంగుమంది. "పగుల్లేదు. అడుగున ఈ గీత పోత పోసినప్పటిది. నూరేళ్ళ పైమాటే!"

ఈ మాట ఆమె వచ్చిన ప్రతిసారీ అతను చెప్పేదే. ఆమె ప్రతిసారీ కొత్తగా వినేది. ఇంట్లో ఆమెతో మాట్లాడేది గడియారమొక్కటే.

ఇవాళ మాత్రం టీ ముట్టలేదు.

"నాకు మతి తప్పుతోందని ఫోన్లో అంటోంది మా అమ్మాయి. తడిగానే వదిలేసి, తుడిచాననుకుంటున్నానట. ఇవాళ పెనం, రేపు గ్యాసు అంటోంది. పొయ్యి తీయించేస్తుందట."

"తుప్పు పడితే మతి పోయినట్టా?"

"ఒకసారైతే సరే. నాలుగుసార్లు నాయనా! నా మీద నాకే నమ్మకం పోయింది. ఇంకోసారి పట్టిందంటే దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్. వంట మానేస్తాను." తన చేతులు తనవి కానట్టు చూసుకుందామె.

అతను పెనాన్ని తన వైపు లాక్కున్నాడు. "మీ మతి బాగానే ఉందమ్మా. వారానికి రండి, ఇక పట్టదు," అన్నాడు.

"ఎప్పుడూ అనేదేగా," అంటూ ఆమె లేచింది.

ఆమె వెళ్ళాక, ఆమె ముట్టని టీ పారబోశాడు. రెండో పీటను గోడ వారకు జరిపాడు. తర్వాత పై అరలోంచి నూనె డబ్బా దించాడు.

దాని సీలు విప్పడం అదే మొదటిసారి.