వెనక బెంచీ గుసగుస

"లీదియా! మళ్లీ మొదలెట్టావూ?"

కమలాకుమారి టీచరు సుద్దముక్క విసిరింది. వెనక బెంచీలో గుసగుస ఆగింది, అర నిమిషం.

ఆవిడ జూన్‌లోనే విశాఖలో ఓడెక్కి ఈ పోర్ట్ బ్లెయిర్ బడికి వచ్చింది. తెలుగంటే ప్రాణం. ఆ ప్రాణం తోడెయ్యడానికే పుట్టినట్టుండేది లీదియా. తల్లి లేదు. తండ్రి జంగ్లీఘాట్‌లో చేపల పడవెక్కితే మళ్లీ ఎప్పటికొస్తాడో ఆయనకే తెలీదు. పిల్లకి తల దువ్వే దిక్కు లేదు, నోరు మూయించే దిక్కు అసలే లేదు.

పాఠం మొదలైతే చాలు, అటు తిరిగి ఓ మాట, ఇటు తిరిగి ఓ మాట. క్లాసు చెవులన్నీ అటే.

ఆవేళ ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. పిల్లలు జవాబులు చెప్పకపోతే తెలుగు క్లాసు ఎత్తేసి, అందర్నీ హిందీ క్లాసులో కలిపేస్తారట.

"ఆయన వెళ్లేదాకా నువ్వు వరండాలో ఉండవే తల్లీ. పీడా విరగడవుతుంది."

"టీచర్, నేను లేకుంటే ఈళ్లకి ముష్కిల్ అవుద్ది."

"అబ్బో, నువ్వే మరి వీళ్లకి దిక్కు! నడు."

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. క్లాసు బుద్ధిగా కూర్చుంది.

"సేద్యానికి నీరు ఎక్కడి నుంచి లభిస్తుంది?"

పిల్లలంతా వెనక బెంచీలో ఖాళీ చోటు వైపు తిరిగారు.

"జీవనది అంటే ఏమిటి?"

నిన్న చెప్పిన పాఠమే. కమలాకుమారికి ఏడుపొక్కటే తక్కువ.

"నిన్న గడగడా చెప్పావు కదరా నెహెమ్యా!" అని బతిమాలింది.

నెహెమ్యా తల గోక్కుంటూ వరండా కిటికీ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరుగారు పెన్ను మూత తీశారు.

కిటికీ అవతలి పిల్ల ఇక ఆగలేకపోయింది.

"అరే, ఖేతీకి పానీ ఎక్కడ్నుంచి వస్తాదని అడుగుతున్నారు! నది అంటే నిన్న ఏటని చెప్పాను? మన నాలాయే, సముద్రంలాగ పెద్దది. కానీ మీఠా పానీ, ఉప్పుండదు. జీవనది అంటే గర్మీలో కూడా ఎండిపోదు!"

చేతులన్నీ ఒక్కసారి లేచాయి.

"నది నుంచి సార్!"

"గర్మీలో కూడా ఎండదు సార్!"

ఇన్‌స్పెక్టరుగారు నవ్వి పెన్ను జేబులో పెట్టుకున్నారు.

"మీ క్లాసుకేం ఢోకా లేదమ్మా."

కమలాకుమారి వరండాలోకి పరుగెత్తింది. లీదియా దెబ్బలు తప్పవనుకుని చెయ్యి చాపింది. ఆ చెయ్యే పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, తన కుర్చీలో కూర్చోబెట్టి చిక్కులు పడిన జుట్టు సవరిస్తుంటే, సిగ్గూ సంతోషమూ కలిసి ఆవిడ కళ్లు తడిశాయి.

జూన్ నుంచీ ఆ క్లాసుకి పాఠాలు చెబుతున్న పంతులమ్మ ఎవరో ఆవిడకి అప్పుడు తెలిసింది.